మా అక్కయ్య నాటకం

అపవాదు పదిమందిలో వేసినవాడు తన తప్పు కూడా పదిమందిలోనే ఒప్పుకోవాలని మా నాన్నగారు అంటూ ఉండేవారు. 2018 ఉగాదినాడు మన సంఘంవారి భోజనాల పంక్తిలో కూర్చుని మేము ఒక మాట అన్నాము. ఆ మాటకు నవ్వినవారిలో చాలామంది ఈ పత్రిక చందాదారులే. అందుచేత ఈ సంగతి ఇక్కడే వ్రాసుకోవడం న్యాయమని తోచింది. వ్రాయవచ్చునా అని అక్కయ్యనూ, మేనకోడలినీ ముందుగా అడిగాము. వారిద్దరూ సరేనన్న తరువాతే కలం పట్టాము.

సంగతి ఇది. ఆనాడు వడ్డనకు ఆడవారు తక్కువపడ్డారు. మా అక్కయ్య పులిహోర బేసిను పట్టుకొని వంగి వంగి వడ్డిస్తున్నది. పది విస్తళ్ళయినా దాటకుండానే బేసిను కింద పెట్టేసి, స్తంభం చాటున గోడకు ఆనుకొని కూర్చున్నది. పులిహోర అందనివారు అటూ ఇటూ చూస్తున్నారు. మాకు తలవంపులుగా తోచింది. "ఏం చేస్తాం బాబూ, మా అక్కయ్యకు పని కనిపిస్తే తల తిరుగుతుంది. మంచి నాటకాల మనిషి" అని గట్టిగానే అన్నాము. పంక్తి పంక్తంతా నవ్వింది. స్తంభం చాటున ఉన్న మనిషికి ఆ మాటా వినిపించింది, ఆ నవ్వూ వినిపించింది.

అక్కయ్య మాకంటె నాలుగేళ్ళు పెద్ద. 2012లో బావగారు పోయిన తరువాత, పదిహేనేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని బరంపురంలో మా ఇంటికి వచ్చింది. ఒకరికి బరువుగా ఉండడం ఆవిడకు గిట్టదు. వచ్చిన నెలకే కుట్టుమిషను తెప్పించుకొని, చుట్టుపక్కలవారి జాకెట్లు కుట్టి, కూతురి చదువు ఖర్చు తానే పెట్టుకొన్నది. తెల్లవారుజామున కుళాయి నీళ్ళు పట్టడం, పెరడు ఊడ్వడం, పప్పు రుబ్బడం అన్నీ ఆవిడవే. వద్దన్నా వినేది కాదు. నిజం చెప్పవలసివస్తే మేము గట్టిగా వద్దనలేదు కూడా.

2016 నుంచి ఆవిడకు ఒక వింత బాధ పట్టుకొన్నది. కుళాయి కింద బిందె పెట్టడానికి వంగిన మనిషి అట్లాగే కూలబడేది. తల పగిలిపోతున్నదనేది. ముఖం సున్నం కొట్టిన గోడలాగ పాలిపోయేది. చలికాలంలో కూడా చెమటకు రవిక తడిసి ముద్దయ్యేది. గుండె కొట్టుకోవడం మెడదగ్గర మన కంటికి కనిపించేది. పావుగంటో, ఇరవై నిమిషాలో అట్లా ఉండి, తరువాత ఏమీ జరగనట్టే లేచి మిగిలిన పని చేసుకొనేది. డాక్టరు దగ్గరకు చేరేసరికి నాడి నెమ్మదిగా ఉండేది, రక్తపోటు మామూలుగా ఉండేది.

ఒకరు పార్శ్వపు నొప్పి అన్నారు. ఒకరు ముట్లుడిగే వయసులో ఇట్లాగే ఉంటుందన్నారు. మరొకరు భర్త పోయిన దిగులు ఈ విధంగా బయటపడుతున్నదన్నారు. ఇంకొకరు గుండె దడకు ఒక మాత్ర ఇచ్చారు. అది వేసుకొన్న మూడోనాడు బాధ ఎన్నడూ లేనంత గట్టిగా వచ్చింది. భయపడి ఆ మాత్ర మాన్పించాము. అట్లా ఎందుకైనదో అప్పటికి మాకు తెలియదు.

మేము చూపించిన డాక్టర్లందరూ ఒడియావారే. వారి భాషలో తలనొప్పిని గూర్చి అడిగే ప్రశ్నలో మొదటి మాట మన చెవికి ఎట్లా వినబడుతుందో ఒడిశా తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు అది తలకాయే గాని తిట్టు కాదు. అయినా, భర్త పోయిన మనిషి ప్రతి ఆసుపత్రిలోనూ మొట్టమొదట ఆ మాటే వినవలసివచ్చింది. "అలవాటైపోయిందిలే తమ్ముడూ" అని అక్కయ్య నవ్వేది.

దిష్టి తీయించాము. ఠాకురాణి అమ్మవారికి మొక్కుకొన్నాము. రెండేళ్ళు గడిచేసరికి మా జాలి అరిగిపోయింది. ఇంట్లో అందరమూ కలిసి ఒక లెక్క కట్టాము. కూర్చుని జాకెట్టు కుట్టుకొనేటప్పుడు రాదు. టి.వి. చూసేటప్పుడు రాదు. బిందె ఎత్తబోతే వస్తుంది. పెరడు ఊడ్వబోతే వస్తుంది. రుబ్బురోలు ముందు వంగితే వస్తుంది. ఇక ఇది నాటకం కాక మరేమిటి? "వదినగారి ముఖం చూస్తే నాటకంలా లేదండీ" అని మా ఇంటావిడ ఒకటి రెండుసార్లు అన్నది. మేము వినిపించుకోలేదు. ఉగాదినాడు పంక్తిలో అన్న మాట ఈ లెక్కలోనుంచి వచ్చినదే.

పండుగ వెళ్ళిన వారం బజారులో ఒక పొడుగు రిజిస్టరు కొని, ఇంటికి తెచ్చి గీతలు గీశాము. పశ్చాత్తాపంతో కొన్నామని చదువరులు అనుకోవద్దు. పని పడినప్పుడే వస్తుందని కాగితంమీద రుజువు చేసి అక్కయ్య ముందు పెట్టాలనే కొన్నాము. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, ఎంతసేపు ఉన్నది, ఏమేమి బాధలు అని ఐదు గళ్ళు. ఇంట్లో ఎవరు దగ్గర ఉంటే వారు వ్రాయాలని నియమం పెట్టాము. అక్కయ్య ఏమీ అనలేదు. రిజిస్టరుకు అట్ట మాత్రం తానే వేసింది.

రెండు నెలలలో 31 పద్దులు పడ్డాయి. ఒక ఆదివారం కూర్చుని కూడికలు వేశాము. వంగినప్పుడో, బరువు ఎత్తినప్పుడో వచ్చినవి 20. ఇంతవరకు మా లెక్క సరిపోయింది. కడుపునిండా తిన్న తరువాతనో, మరుగుదొడ్డిలోనో వచ్చినవి 4. ఊరికే కూర్చుని ఉండగానో, నిద్రలోనో వచ్చినవి 7. ఆ ఏడింటిలో మూడు రాత్రి రెండు గంటలకూ మూడు గంటలకూ మధ్య వచ్చినవి. మేనకోడలు నిద్రకళ్ళతో వంకరటింకరగా వ్రాసిన పద్దులవి. అర్ధరాత్రి, చీకట్లో, చూసేవారు ఎవరూ లేనప్పుడు మనిషి నాటకం ఎవరికోసం ఆడుతుంది? ఆ రిజిస్టరు ముందు పెట్టుకొని మేము చాలాసేపు కదలలేదు.

మర్నాడే మందుల దుకాణంలో రక్తపోటు చూసే యంత్రం కొన్నాము. నాలుగోనాటి ఉదయం కుళాయి దగ్గర బాధ వచ్చింది. చేతికి పట్టీ చుట్టి చూస్తే పైది 214, కిందిది 126. అరగంట తరువాత 132, 84. యంత్రం చెడిపోయిందేమోనని మా చేతికి చుట్టుకొని చూశాము. యంత్రం బాగానే ఉన్నది.

ఈసారి రిజిస్టరు చంకలో పెట్టుకొని, కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాము. వయసులో చిన్నది. ఆవిడ రిజిస్టరు మొదటి పుటనుంచి చివరి పుటదాకా చదివింది. "తలనొప్పీ, చెమటా, దడా మూడూ కలిసి వస్తాయా, విడివిడిగానా?" అని అడిగింది. కలిసే వస్తాయన్నాము. "ముఖం ఎర్రబడుతుందా, తెల్లబడుతుందా?" తెల్లబడుతుందన్నాము. అప్పుడావిడ కలం కింద పెట్టి, "అమ్మా, మీకు మూత్రపిండం మీద ఉండే గ్రంథిలో కంతి ఉన్నదేమోనని నా అనుమానం" అన్నది.

తరువాత ఆవిడవల్లా, ఇతర డాక్టర్లవల్లా మేము తెలుసుకొన్నది చదువరులకు చెబుతాము. మన రెండు మూత్రపిండాల నెత్తిన రెండు చిన్న గ్రంథులున్నాయి. పాఠ్యపుస్తకాల్లో వాటిని అధివృక్క గ్రంథులన్నారు. డాక్టర్లు అడ్రినల్ గ్రంథులంటారు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు, అనగా చెంచాడు పంచదార అంత బరువు. వాటి పైభాగంనుంచి ఒంట్లో ఉప్పును నిలిపే అల్డోస్టిరోను, కష్టకాలంలో ఒంటిని నిలబెట్టే కార్టిసాలు వస్తాయి. లోపలి భాగంనుంచి అడ్రినలిను, నారడ్రినలిను వస్తాయి. దారిలో పాము కనబడితే గుండె దడదడలాడి, ఒళ్ళు చెమర్చి, కాళ్ళకు పరుగు వస్తుందే, అది ఈ అడ్రినలిను పని. 1901లో జోకిచి టాకమీనే అనే జపాను శాస్త్రజ్ఞుడు దానిని గ్రంథినుంచి వేరుచేసిన విధం ప్రకటించాడు.

ఆ లోపలి భాగంలో కంతి పుడితే దానికి ఫియోక్రోమోసైటోమా అని పేరు. అది అవసరం ఉన్నా లేకపోయినా ఆ రసాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అప్పుడు పాము లేకుండానే, పామును చూసిన మనిషికి కలిగేవన్నీ ఒంటికి కలుగుతాయి. రక్తనాళాలు బిగుసుకొని రక్తపోటు పైకి లేస్తుంది. వంగినప్పుడు కడుపులో ఆ కంతి నొక్కుకొని ఒక్కసారిగా ఎక్కువ వదలవచ్చునట. అంటే మేము చూసింది తప్పు కాదు. వంగినప్పుడే వస్తున్నదని సరిగానే చూశాము. పని ఎగ్గొట్టడానికే వస్తున్నదని అనుకొన్నామే, అక్కడ తప్పాము.

మొదటి పరీక్షకు ఇరవైనాలుగు గంటల మూత్రం కావాలన్నారు. తెల్లవారి లేవగానే మొదటిసారి వచ్చినది పారపోసి, అక్కడినుంచి మర్నాడు అదే వేళవరకు వచ్చినదంతా వారు ఇచ్చిన డబ్బాలో పట్టాలి. అందులో ముందే ఆమ్లం పోసి ఉంటుంది, చేతిమీద పడకుండా చూసుకోవాలి. డబ్బా పట్టుకొని బజారున నడవడానికి అక్కయ్య సిగ్గుపడింది. గుడ్డసంచిలో పెట్టి మేమే మోసుకొనిపోయాము. అడ్రినలిను విరిగితే మెటనెఫ్రిను అనే పదార్థం అవుతుంది. కంతి ఆ పదార్థాన్ని బాధ లేని వేళ కూడా వదులుతూనే ఉంటుంది కనుక, డాక్టరు చూసేసరికి రక్తపోటు మామూలుగా ఉన్నా ఈ పరీక్షకు మాత్రం దొరికిపోతుంది. అక్కయ్యకు ఉండవలసినదానికి ఎనిమిది రెట్లు వచ్చింది. తరువాత సి.టి. స్కాను తీస్తే కుడివైపు గ్రంథిలో నిమ్మకాయంత కంతి కనబడింది.

కాగితాలు చూసి డాక్టరమ్మ అంతా విడమరచి చెప్పింది. అక్కయ్య వింటూ కూర్చున్నది. ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో, "అయితే నేను నాటకం ఆడలేదన్నమాట" అన్నది. మేము ఏమీ మాట్లాడలేకపోయాము. కొంతదూరం పోయాక మళ్ళీ అన్నది: "అందరూ అంటుంటే నాకే అనుమానం వేసింది తమ్ముడూ, తెలియకుండా నేనే చేస్తున్నానేమో అని."

చదువరులారా, ఈ వ్యాసం మొత్తంలో మమ్మల్ని ఇప్పటికీ నిద్రపోనివ్వని మాట అదే.

ఆపరేషనుకు దక్షిణాదిలో, ఇట్లాంటివి చేసి చేయి తిరిగిన ఒక ఆసుపత్రికి వెళ్ళాము. ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. అక్కడ వెంటనే కత్తి పట్టుకోలేదు. ముందుగా రక్తనాళాల బిగింపు సడలించే మందు, ఫినాక్సీబెంజమైను, కొంచెం కొంచెంగా పెంచుతూ రెండు వారాలు ఇచ్చారు. దానివల్ల ముక్కు దిబ్బడ వేసేది, లేచి నిలుచుంటే కళ్ళు తిరిగేవి. మందు పనిచేస్తున్న గుర్తులే అవి అన్నారు. ఆ తరువాతనే గుండె దడకు మాత్ర. ఈ వరస తారుమారు కాకూడదట. బిగింపు సడలకముందే దడ మాత్ర ఇస్తే రక్తపోటు ఇంకా లేస్తుందట. బరంపురంలో మూడోనాడు ఎందుకట్లా అయిందో అప్పుడు మాకు బోధపడింది. ఆ మాత్ర ఇచ్చిన డాక్టరును మేము తప్పుపట్టము. కంతి ఉన్నదని ఆయనకు ఎవరు చెప్పారు?

ఇంకొక చిత్రం. రక్తపోటు ఉన్నదేమోనని రెండేళ్ళుగా అక్కయ్య చేత మేము ఉప్పు తగ్గించాము, ఆవకాయ మాన్పించాము. అక్కడ డాక్టర్లు ఆ మందు మొదలుపెట్టాక ఉప్పు పెంచమన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు. ఇన్నాళ్ళూ బిగుసుకొని ఉన్న నాళాలు సడలితే వాటిని నింపడానికి నీరు చాలదట. ఆ పదిరోజులూ అక్కయ్య మజ్జిగలో ఉప్పు వేసుకొని తాగుతుంటే, మేము మానిపించిన ఆవకాయ గుర్తుకు వచ్చేది. ఇది చదివి ఎవరూ తమంతట తాము ఉప్పు పెంచవద్దు. డాక్టరు ఎదుట, ఆ మందు లోపల ఉన్నప్పుడు మాత్రమే అది మంచిది.

2019 ఫిబ్రవరిలో ఆపరేషను జరిగింది. కడుపు కోయలేదు. నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, కంతితో కూడా ఆ గ్రంథిని తీసివేశారు. మూడు గంటలు పట్టింది. కంతిమీద చేయి పడినప్పుడు రక్తపోటు 230 దాకా పోయిందనీ, దాని సిరను మూసివేయగానే 80కి దిగిపోయిందనీ, మత్తు డాక్టరు ఒక చేత్తో దించే మందు, ఒక చేత్తో ఎత్తే మందు పట్టుకొని కూర్చున్నారనీ తరువాత చెప్పారు. రెండవ గ్రంథి బాగున్నది కనుక ఒంటికి లోటు లేదు. రెండూ తీసివేయవలసివస్తే మాత్రం జీవితాంతం స్టిరాయిడ్ మాత్రలు వేసుకోవాలి.

ఆ మాటలు వింటుంటే మాకు నాన్నగారు గుర్తుకు వచ్చారు. 1994లో, యాభై రెండో ఏట, గిలక ఆపరేషను అంటూ నడిచి వెళ్ళిన మనిషి బల్లమీదనే పోయారు. రక్తపోటు ఒక్కసారిగా లేచి గుండె ఆగిందని చెప్పారు. ఆ డాక్టరు హస్తవాసి మంచిది కాదని ఏళ్ళతరబడి తిట్టుకొన్నాము. నాన్నగారికి కూడా ఎండలో నడిచి వస్తే ముఖం పాలిపోయి చెమటలు పట్టడం ఉండేదని అమ్మ అనేది. ఇప్పుడు పరీక్ష చేయడానికి నాన్నగారు లేరు, ఆనాటి కాగితమూ లేదు. ఏదీ రుజువు కాదు. కాని ఆ డాక్టరును తిట్టడం మాత్రం మానేశాము.

ఈ అనుమానం డాక్టర్లకు చెబితే వారు అక్కయ్య రక్తం జన్యుపరీక్షకు పంపారు. ఈ కంతి వచ్చినవారిలో సుమారు మూడింట ఒకవంతు మందికి వంశంలో వచ్చే జన్యులోపం ఉంటుందట. 1886లో జర్మనీలో ఫ్రైబర్గులో ఫెలిక్స్ ఫ్రెంకెల్ అనే డాక్టరు, పద్దెనిమిదేళ్ళ పిల్ల హఠాత్తుగా పోతే, ఆమె రెండు అడ్రినల్ గ్రంథులలోనూ కంతులను చూసి వ్రాసిపెట్టాడు. ఈ జబ్బును గూర్చిన మొదటి వ్రాత అదే అంటారు. ఫియోక్రోమోసైటోమా అన్న పేరు లుడ్విగ్ పిక్ 1912లో పెట్టాడు. ఆ పిల్ల బంధువుల సంతతివారిని వెదకి పరీక్షిస్తే వారిలో జన్యులోపం బయటపడిందని 2007లో ప్రకటించారు. నూటయిరవై ఏళ్ళ తరువాత అన్నమాట. ఆ కుటుంబంలో మధ్యకాలంలో ఎవరెవరు ఏమి అపవాదు మోశారో అనిపించింది.

అక్కయ్యకు ఆ లోపం ఉన్నదని వచ్చింది. తల్లికిగాని తండ్రికిగాని ఉంటే ప్రతి బిడ్డకూ సగం పాలు అవకాశం. మేమూ రక్తం ఇచ్చాము. మాకు లేదన్నారు. మాకు లేదు కనుక మా పిల్లలకు పరీక్షే అవసరం లేదన్నారు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి మా ఇంటావిడ, మేము ఊపిరి పీల్చుకొన్నాము. పక్కగదిలో అక్కయ్య మిషను ఆగిపోయింది. పీల్చిన ఊపిరికి సిగ్గుపడ్డాము.

మేనకోడలు మూడేళ్ళు ఆగింది. 2022లో, ఇరవై అయిదో ఏట, తానే వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది. ఉన్నదని వచ్చింది. కంతి లేదు, బాధా లేదు. లోపం ఉన్నవారందరికీ కంతి వచ్చితీరాలనీ లేదు. ఏటా మెటనెఫ్రిను పరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు స్కాను, అంతే. ఎప్పుడైనా చిన్న ఆపరేషను అవసరమైనా, కడుపుతో ఉన్నా ఈ సంగతి డాక్టరుకు ముందుగా చెప్పాలి. అట్లా జాగ్రత్తగా ఉంటే, వచ్చినా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు.

బంధువులకు ఎట్లాగో తెలిసింది. "పెళ్ళి కావలసిన పిల్ల. నోరు కట్టుకొని ఊరుకోండి" అని పెద్దలు మందలించారు. వారు మా మంచి కోరే అన్నారు. ఒక సంబంధంవారికి మేము ముందుగానే ఉన్నదున్నట్టు చెప్పాము. ఆలోచించి ఫోను చేస్తామన్నారు. చేయలేదు. ఆ తరువాత ఈ వ్యాసం వ్రాద్దామా అన్నప్పుడు మా చేయి ఆడలేదు. మన వారందరి ఇళ్ళకూ పోయే పత్రిక కదా. మేనకోడలే అన్నది: "మామయ్యా, అమ్మ జబ్బుకు మూడేళ్ళు పేరు తెలియకనే మీరంతా నాటకమన్నారు. నాకు పేరు ముందే తెలిసింది. తెలిసినదాన్ని మళ్ళీ దాచడం దేనికి? వ్రాయండి. వద్దనుకొనేవారు చదివి వద్దనుకొంటారు. నాకు ఒక ఫోను తగ్గుతుంది."

చదువరులకు భయం పుట్టించడం మా ఉద్దేశం కాదు. రక్తపోటు ఉన్నవారు నూరుమందిని తీసుకొంటే అందులో ఒక్కరికైనా ఈ కంతి ఉండదు. అంత అరుదు. తలనొప్పి వచ్చిన ప్రతివారూ స్కానుకు పరుగెత్తనక్కరలేదు. వేరే కారణానికి స్కాను తీసినప్పుడు ఈ గ్రంథిలో కనబడే గడ్డలు చాలావరకు ఏ రసమూ వదలనివే. కాని ఇదే గ్రంథి పైభాగంలో పుట్టే కంతులు కూడా కొన్ని రసాలు వదులుతాయి. కార్టిసాలు ఎక్కువైతే ముఖం గుండ్రంగా ఉబ్బి, కడుపుమీద ఊదారంగు చారలు పడి, తొడలలో బలం తగ్గి కూర్చున్నచోటునుంచి లేవడం కష్టమవుతుంది. అల్డోస్టిరోను ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, కొందరికి పొటాషియం తగ్గి కండరాలు నీరసిస్తాయి. దీనిని 1955లో జెరోము కాన్ అనే అమెరికా డాక్టరు వివరించాడు. ఇది మాత్రం అంత అరుదు కాదు. రక్తపోటు ఉన్న నూరుమందిలో కనీసం అయిదుగురికి ఉండవచ్చునని ఇప్పుడు అంటున్నారు. చిన్న వయసులోనే రక్తపోటు వచ్చినా, మూడు రకాల మందులు వేసుకొన్నా దిగకపోయినా, "ఆ గ్రంథిని కూడా ఒకసారి చూస్తారా?" అని డాక్టరును అడగడంలో తప్పులేదు.

అంతకంటె చిన్న మనవి ఒకటి. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి పోయే బాధ ఏదైనా ఉంటే, అది వచ్చినప్పుడల్లా తేదీ, వేళ, చేస్తున్న పని ఒక పుస్తకంలో వ్రాయండి. బాధ ఉన్న క్షణంలోనే రక్తపోటు చూడండి. నమ్మి వ్రాసినా సరే, మాలాగా నమ్మక వ్రాసినా సరే, వ్రాయండి.

అక్కయ్యకు ఆపరేషను తరువాత ఆ బాధ రాలేదు. ఏటా పరీక్ష చేయించుకొంటున్నది. రుబ్బురోలు దగ్గరకు మాత్రం మేము పోనివ్వడంలేదు. ఇప్పుడు గట్టిగానే వద్దంటున్నాము. ఆవిడ వినడంలేదు.

ఆ ఉగాది పంక్తిలో కూర్చుని నవ్వినవారికి మేము చెప్పుకోవలసినది ఒక్కటే. మీరు నవ్వింది మా మాటకు. తోడబుట్టినవాడే అన్నాడు కదా అని నమ్మారు. తప్పు మాది. అక్కయ్యకు ఇంట్లో చెప్పుకొన్నాము. ఇప్పుడు మీ అందరి ఎదుటా చెప్పుకొంటున్నాము.

ఆ పొడుగు రిజిస్టరులో అక్కయ్య పద్దులు అయిపోయిన తరువాత చాలా పుటలు మిగిలాయి. మేనకోడలు ఒక పుట వదిలి, తన పేరు వ్రాసి, కొత్తగా గీతలు గీసుకొన్నది. ఏడాదికి ఒక్క పద్దు. ఇంతవరకు పడినవన్నీ మంచి పద్దులే.